కుడిపక్క దారం

"ఇది నువ్వే రాసినావా?"

"నేనే రాసినాను అన్నా."

"ఇది?"

"అదీ నేనే."

"మరి ఇది?"

మూడో కాయితం, పరీక్ష పేపరు నకలు, చూసి అజీమున్నీసా మొహం పక్కకు తిప్పుకొనింది. "అది నాది కాదు. ఎన్నిసార్లు చెప్పల్ల అన్నా? పరీక్షలో నేను రాసిన పేపరు అది కాదు."

నాకు చిరాకు ముందు పుడుతుంది, ఓర్పు తర్వాత వస్తుంది. ఆ పొద్దు రెండోది ఇంకా రాలేదు. మే నెల ఎండ, ఆదోనిలో ఆ ఇరుకు సందు, రేకుల కప్పు, నెత్తిమీద కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. వాళ్ళమ్మ హమీదాబీ గడప కాడ కూర్చొని నన్నే చూస్తా ఉండె. తాను కుట్టే పిల్లల గౌన్లు ఒళ్ళో అట్లనే పడి ఉన్నాయి.

కేసు ఇదీ. పోస్టులో పాఠాలు పంపి డిగ్రీ చదివించే కాలేజీ ఒకటుంది. పాఠం ఇంటికొస్తుంది, ప్రశ్నలూ ఇంటికొస్తాయి. ఇంట్లోనే జవాబులు రాసి పోస్టులో పంపితే ఎవరో మొహం తెలీని మాస్టరు ఎర్రసిరాతో దిద్ది మళ్ళా పంపుతాడు. ఏడాది చివర మాత్రం ఎమ్మిగనూరులో ఉండే సెంటరుకు పోయి కూర్చొని పరీక్ష రాయాల. ఈ పిల్ల మూడేండ్లు ఇంటినుంచి పంపిన జవాబులకు మంచి మార్కులొచ్చినాయి. ఆఖరి పరీక్షలో, చరిత్ర పేపర్లో, నూటికి పదకొండు. ఇదేందని ఆమె ఉత్తరం రాసింది. దానికి కాలేజీ ఏమని జవాబిచ్చిందంటే, ఇంట్లో అంత బాగా, పరీక్షలో ఇంత అధ్వానంగా రాసినావంటే ఇంట్లోవి ఎవరిచేతనో రాయించినావని అర్థం, మూడేండ్లు ఏ పరీక్షా రాయకుండా నిన్నెందుకు ఆపకూడదో చెప్పు, అని. న్యాయం అడిగినందుకు నోటీసు. బాగుంది కదా?

ఆ నోటీసు మీద విచారణ చేయమని కాలేజీవాళ్ళు నన్ను పెట్టుకున్నారు. నా పేరు మద్దయ్య. పోలీసు డిపార్టుమెంటులో పదైదేండ్లు చేతిరాతలు, వేలిముద్రలు చూసినోణ్ణి. పై ఆఫీసరుతో పడక బయటికొచ్చి, ఆదోని పత్తిమార్కెట్టు ఎదురుగా 'ప్రైవేటు విచారణలు' అని బోర్డు కట్టుకున్నాను.

"ఉద్యోగం సంగతేంది?" అని అడిగినాను.

"ఆడపిల్లల ఉర్దూ బడిలో టీచరు పోస్టు. ఈ నెలాఖరుకు డిగ్రీ కాయితం చూపించల్ల. చూపించకపోతే వేరేవాళ్ళకు ఇస్తారు."

"ఇంకోటి రాదా?"

"మా సందులో పుట్టిన ఆడపిల్లకు ఒకటి రావడమే ఎక్కువ అన్నా." ఏడుపు గొంతు కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

నా సంచిలోనుంచి తెల్లకాయితాలు తీసి ముందర పెట్టినాను. "పరీక్షలో వచ్చిన ప్రశ్న ఒకటి చెప్తాను. నా కండ్ల ముందర రాయి. పుస్తకం ముట్టుకోకూడదు."

"కాలేజీ ఆఫీసరు కూడా రాసియ్యమన్నాడు. ఆయప్పకు ఇయ్యలేదు."

"ఏంటికి?"

"ఆయప్ప మాట్లాడే తీరు నాకు నచ్చలేదు. ముందే దొంగ అని పిలిచినాడు." నా మొహంలోకి చూసింది. "నీకు రాసిస్తాను. నువ్వు అడిగినావు, తిట్టలేదు."

రాసింది. నేను గడియారం చూడలేదు, ఆ చెయ్యినే చూసినాను. ఎవరో చెప్పింది రాసే చెయ్యికీ తనకు తెలిసింది రాసే చెయ్యికీ తేడా ఉంటుంది. తెలిసిన చెయ్యి మధ్యలో ఆగి ఒకమాట కొట్టేసి ఇంకా మంచి మాట పెడుతుంది. ఈ పిల్ల మూడుసార్లు అట్ల చేసింది. నాలుగు కాయితాలు నిండినాయి. సంతకం చేయించి తేదీ వేయించినాను. అప్పుడు ఆమె వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోనుంచి సూదీ దారమూ తీసి, కాయితాలన్నీ సర్ది, పైన కుడిపక్క మూలలో పొడిచి కట్టేసింది.

నా చిరాకంతా ఒక్కసారిగా దిగిపోయింది.

"అదేందమ్మా, కుడిపక్క కడతాండావు? అందరూ ఎడంపక్క కదా కట్టేది?"

సిగ్గుపడింది. "పదోక్లాసు దాకా ఉర్దూ బడిలోనే చదివినాను. మా కాపీ పుస్తకాలు కుడిపక్క కుట్టింటారు, మేము ఆ పక్కనుంచే తెరుస్తాము. తెలుగు రాసినా కట్టేటప్పుడు చెయ్యి అట్లనే పోతాది. పరీక్ష హాల్లో కూడా ఇట్లే కట్టినాను. ఆడుండే సారు నవ్వినాడు."

"నిజంగానా?"

"అబద్ధం చెప్తే నాకేమొస్తాది?"

లేచినాను. గడప దాటబోతుంటే హమీదాబీ నా చెయ్యి పట్టుకొనింది. "అప్పా, నా బిడ్డ దొంగ కాదని ఒక కాయితం ఇప్పిస్తావా?"

"ఇప్పిస్తానమ్మా," అన్నాను. డిపార్టుమెంటులో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ మాట ఇయ్యలేదు నేను. ఆ పొద్దు నోరు జారింది.

*

ఎమ్మిగనూరు సెంటరంటే బట్టలంగడి మీద రెండు గదులు. కింద సందులో మగ్గాల చప్పుడు. మెట్లెక్కేసరికి పైన బల్లమీద కాళ్ళు పెట్టుకొని పుల్లన్న కూర్చొనుండె. కాలేజీ విజిలెన్సు ఆఫీసరు. ఒకప్పుడు నాతోపాటు డిపార్టుమెంటులో పనిచేసినోడే. నేను ఒప్పుకోని రిపోర్టులు ఆయప్ప ఒప్పుకొని పైకి పోయినాడు, అంతే తేడా.

"రాప్పా మద్దయ్యా. బస్సులో వచ్చినావా? జీపు పంపింటిని కదా అడిగింటే."

"నీ జీపు ఎక్కితే నువ్వు చెప్పిన తావుకే పోవల్ల. అసలు పేపర్లు యాడ?"

"నువ్వేం మారలేదప్పా," అని నవ్వి, గోడ కాడ నిలబడినోణ్ణి చూసి తలూపినాడు. ఆ మనిషి సిద్దప్ప, సెంటరు ఇన్‌ఛార్జి. నలభై ఏండ్లుంటాయి, సన్నటి వేళ్ళు, చెమట పట్టిన కాలరు. బీరువా తెరిచి చరిత్ర పేపర్ల కట్ట తెచ్చి బల్లమీద పెట్టినాడు. విచారణకోసమని హెడ్డాఫీసునుంచి తెప్పించిన కట్ట.

ఈ కాలేజీలో పరీక్ష పేపరు ఎట్లుంటుందో చెప్పల్ల. పైన ఒక అట్ట. దానిమీద మాత్రమే హాల్ టికెట్టు నెంబరు. కింద అన్నీ విడి కాయితాలు, వాటిమీద నెంబరుండదు, పేరుండదు. రాసినోళ్ళే అట్టకూ కాయితాలకూ కలిపి మూలలో బెజ్జం పొడిచి దారం కట్టి ఇస్తారు. దారం విప్పితే ఎవరి రాత ఎవరిదో ఆ దేవుడికే తెలియాల. ఇట్లాంటి ఏర్పాటు చేసినోడు ఎవడోగానీ వాణ్ణి పట్టుకొని తన్నల్ల అనిపించింది.

ముందు అజీమున్నీసా నెంబరున్న అట్ట తీసినాను. ఎడంమూలలో దారం కట్టి ఉండాది. కుడిమూలలో చూసినాను. ఖాళీ బెజ్జం. కింద కాయితాలకు మాత్రం ఎడంమూల బెజ్జాలే, కుడిపక్క ఏమీ లేదు.

మిగతా కట్టంతా ఒక్కొక్కటే తిప్పినాను, మార్కులు చూడలేదు, మూలలే చూసినాను. పుల్లన్న సిగరెట్టు ముట్టించుకున్నాడు. సిద్దప్ప రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. కట్ట సగం అయినాక దొరికింది. అట్టకు కుడిపక్క బెజ్జం లేదు. లోపలుండే కాయితాలన్నిటికీ కుడిమూలలో ఖాళీ బెజ్జం ఉండాది.

"ఇది ఎవరిది?"

సిద్దప్ప వంగి చూసినాడు. "తిక్కస్వామిది సార్. పత్తి జిన్నింగు మిల్లు ఓనరు కొడుకు. సెంటరు ఫస్టు. డెబ్బై ఎనిమిది."

"సిద్దప్పా, పరీక్ష అయింది ఎప్పుడు?"

"శనివారం సాయంత్రం."

"పోస్టులో పోయింది?"

"సోమవారం పొద్దున."

"ఆదివారమంతా కట్ట యాడుండె?"

"ఈ బీరువాలోనే సార్."

"తాళంచెవి?"

"నా మొలతాడుకే ఉంటాది. నిద్రపోయినా తియ్యను." గర్వంగానే చెప్పినాడు పాపం.

బీరువా చూసినాను. తాళం గీతలు లేకుండా శుభ్రంగా ఉండాది. గొళ్ళెం, బందులు, వెనకరేకు అన్నీ సరిగానే ఉన్నాయి. కిటికీకి ఇనపకమ్ములు. బయటోడు చెయ్యిపెట్టే సందే లేదు. సిద్దప్పా, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటివి కదరా అనుకున్నాను.

బల్లమీద దారపు రీలూ దబ్బనమూ ఉన్నాయి. నా సంచిలోనుంచి తెల్లకాయితాలు రెండు తీసి ఇచ్చినాను. "ఇవి కట్టియ్యప్పా కాస్త. నాకు చేతకాదు."

ఆయప్ప ఆలోచించనే లేదు. పొడిచినాడు, దారం దూర్చినాడు, రెండు కొసలూ బొటనవేలికింద అడ్డంగా పెట్టి ఒక్క విసురుతో ముడేసి పండ్లతో కొస కొరికినాడు. చిన్న, గట్టి, పక్కకు లాగినా జారని ముడి. తెగిన పోగును మగ్గం మీద అతికేటప్పుడు వేసే ముడి.

అజీమున్నీసా అట్టకు ఉండే ముడీ, తిక్కస్వామి అట్టకు ఉండే ముడీ ఆయప్ప ముందర పెట్టినాను. రెండూ అదే. కట్టలో మిగిలిన పేపర్లన్నిటికీ పిల్లకాయలు బూట్లకు వేసేలాంటి రెండుచెవుల ముడులు.

"చిన్నప్పుడు మగ్గం మీద కూర్చొనింటివా సిద్దప్పా?"

సిద్దప్ప మొహం పాలిపోయింది. "మా ఇంట్లో అందరం నేసేవాళ్ళమే సార్..."

"మిల్లు ఓనరు కొడుకు ఎప్పుడైనా మగ్గం ముట్టినాడా? ఆదోని పిల్ల ముట్టిందా? వాళ్ళ పేపర్లకు నీ ముడి ఎట్లొచ్చింది?"

సిద్దప్ప పుల్లన్న వైపు చూసినాడు. పుల్లన్న పొగ వదులుతా కప్పు వైపు చూస్తాండాడు.

"మద్దయ్యా, ఈ ఊర్లో సగంమందికి ఆ ముడి వస్తాది. ముడి మీద కేసు నిలబడదు," అన్నాడు మెల్లగా.

"ముడొక్కటే కాదు," అన్నాను. గెలిచినాననే అనుకున్నాను. పొద్దున అజీమున్నీసా రాసిచ్చిన నాలుగు కాయితాలు తీసి తిక్కస్వామి పేపరు పక్కన పరిచినాను. "చూడు. ఈ 'క్ష' చూడు, ఈ 'ళ' తోక చూడు. ఈ కొట్టివేత తీరు చూడు. నా కండ్ల ముందర రాసింది. తిక్కస్వామి పేరుమీద డెబ్బై ఎనిమిది వచ్చిన పేపరు అజీమున్నీసాది. నేను కోర్టులో నిలబడి చెప్తాను."

పుల్లన్న కాళ్ళు కిందికి దించినాడు. కాయితాల మీదికి వంగి శ్రద్ధగా చూసినాడు.

"సంతకం చేయించినావా?"

"చేయించినాను. తేదీ కూడా ఉండాది."

"మంచిది." నాలుగు కాయితాలనూ జాగ్రత్తగా మడిచి తన ఫైల్లో పెట్టుకున్నాడు. "సిద్దప్పా, కింద అంగట్లోకి పోయి ఆదోని పోలీసు స్టేషన్‌కు ఫోను చెయ్యి. దొరికిందని చెప్పు, చాలు."

సిద్దప్ప దిగిపోయినాడు. ఆ నడకలో భయం లేదు.

"ఏం దొరికింది పుల్లన్నా?"

ఫైల్లోనుంచి ఇంకో కాయితం తీసి నా ముందర పెట్టినాడు. తిక్కస్వామి ఇచ్చిన స్టేట్‌మెంటు. నిన్నటి తేదీ. అజీమున్నీసా అనే విద్యార్థిని తన దగ్గరికి తానే వచ్చి, డబ్బిస్తే నీ పేరుమీద రాసిస్తానని చెప్పిందనీ, హాల్లోనే ఇద్దరూ కాయితాలు మార్చుకున్నారనీ, ఇప్పుడు పశ్చాత్తాపపడి నిజం చెప్తున్నాడనీ రాసి ఉండాది. కింద సాక్షి సంతకం సిద్దప్పది.

రెండుసార్లు చదివినాను.

"అమ్ముకున్నదే అయితే మార్కులు తక్కువొచ్చినాయని ఫిర్యాదు ఏంటికి చేస్తాది?"

"ఒప్పుకున్న డబ్బు చేతికి రాలేదు. ఉక్రోషం."

"కుడిపక్క బెజ్జం?"

"మొదట కట్టుకొనింది, మళ్ళా విప్పి మార్చుకున్నారు. నీ బెజ్జం మాకే సాక్ష్యమప్పా."

"నీకు తెలుసు," అన్నాను. "ఆదివారం నాడు ఈ గదిలో ఏం జరిగిందో నీకు బాగా తెలుసు."

పుల్లన్న కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకొనుంటే నాకు కాస్త తేలికయ్యేది. "తెలుసు. ఈ సెంటర్లో మూడొందలమంది రాసినారు. సెంటరే దొంగదని నేను రాస్తే అందరి పరీక్షలూ రద్దు, కాలేజీ పరువు గంగలో. ఒక ఆడపిల్ల దొంగదని రాస్తే ఒక్కతే పోతాది. నువ్వయితే ఏం రాస్తావు?"

"జరిగింది రాస్తాను."

"రాయి. నీ రిపోర్టులో ఏముంటాది? తిక్కస్వామి పేపరు రాసిన చెయ్యి అజీమున్నీసాది అనే కదా. మా రిపోర్టులోనూ అదే ఉండాది. చేతిరాత చూసేవాళ్ళలో నీ అంతోడు ఈ జిల్లాలో లేడు, నీ మాట కోర్టు నమ్ముతాది."

"నన్ను అందుకే పెట్టుకున్నావా?"

"ఆ పిల్ల మాకు ఒక చుక్క రాసియ్యలేదు. మర్యాదగా అడిగేవాడు కావల్సొచ్చినాడు." సిగరెట్టు ఆర్పినాడు. "తిక్కస్వామికి ఎట్లాగూ పరీక్ష పోతాది. వాడికి మిల్లుండాది, డిగ్రీ లేకున్నా జరుగుతాది."

ఫైలు మీద చెయ్యేసినాను. ఆయప్పా వేసినాడు. ఇద్దరం వయసైనోళ్ళం, బల్లకు అటూ ఇటూ నిలబడి ఫైలు పట్టుకొని లాక్కున్నాము. సిగ్గుచేటు. సిద్దప్ప పంపినట్టుంది, మెట్లమీద ఇద్దరు మనుషులు పైకి వచ్చినారు, మిల్లులో మూటలెత్తేవాళ్ళలాగా ఉన్నారు. ఒకడు నా మణికట్టు పట్టుకొని మెల్లగా వేళ్ళు విప్పినాడు. నన్ను కొట్టలేదు. కొట్టాల్సిన పని కూడా లేకపోయింది వాళ్ళకు.

*

పోస్టాఫీసుకు పరిగెత్తినాను. అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగ్ కాల్ అడిగితే ఆడుండే అమ్మ నా మొహం చూసి ఏమీ అడక్కుండా కలిపింది. అజీమున్నీసా ఇంటి ఎదురుగా ఫక్రుద్దీన్ కట్టెల అడితిలో ఫోనుండాది. పిలిపించమని అరిచినాను. అటునుంచి రంపం చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం, మళ్ళా రంపం చప్పుడు. ఏం చెప్పల్లనో మనసులో కూర్చుకుంటా ఉండినాను. ఇల్లు విడిచి పోండి, మీ బంధువులు యాడుంటే ఆడికి, ఒక లాయరును చూసేదాకా ఎవరికీ కనపడొద్దు. పారిపొమ్మని చెప్పడమంటే తప్పు ఒప్పుకోమని చెప్పినట్టే. అది కూడా తెలుసు నాకు.

"అన్నా," అనింది. ఆయాసపడతా ఉండె, ఉరికొచ్చినట్టుంది. "పేపరు దొరికిందా?"

"దొరికిందమ్మా. నేను చెప్పేది విను. మీ అమ్మను తీసుకొని ఇప్పుడే..."

"నేను రాసిందేనా? నువ్వు చదివినావా?"

"చదివినాను. అజీమూ, ముందు నా మాట..."

"ఎంతేసినారు అన్నా?"

మూడేండ్లుగా ఈ పిల్ల ఒక్క మాస్టరు మొహం చూడలేదు. బాగా రాసినావని ఒక్క మనిషి నోటితో చెప్పలేదు. నేనేమో ఆమె చేత్తోనే ఆమె మెడకు ఉరి రాయించుకొచ్చి వాళ్ళ చేతిలో పెట్టినాను. ఇంక నా దగ్గర ఇచ్చేదానికి మిగిలింది ఒక్కటే.

"డెబ్బై ఎనిమిది," అన్నాను.

"నాకా?"

"నీకే. సెంటర్లో అందరికంటే నువ్వే పైన."

నవ్విందో ఏడ్చిందో తెలీలేదు. "ఉండన్నా, పెట్టేయొద్దు. అమ్మీకి చెప్పి వస్తాను. ఒక్క నిమిషం."

"అజీమూ, పోవద్దు. ఫోను పెట్టొద్దు, నా మాట విను..."

రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడు వినపడింది. చెప్పుల చప్పుడు దూరమైంది. నేను అరుస్తానే ఉండినాను, పోస్టాఫీసులో అందరూ తిరిగి చూసినారు. రంపం ఆగింది. ఒక బండి వచ్చి బ్రేకు వేసి నిలబడింది. తలుపులు తెరుచుకున్నాయి. మొగగొంతు ఒకటి గట్టిగా అడిగింది.

"అజీమున్నీసా అంటే ఎవరమ్మా?"

"నేనే సార్," అనింది. ఇంకా సంతోషంగానే ఉండె ఆ గొంతు. తనకు పాస్ కాయితం తెచ్చినారని అనుకొనింటాది.